ఎట్లు, ఎక్కడ: ఒక చిన్న ఊరి వ్యాజ్యము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. భారతమునుండి ఏదైన ఒక ఘట్టము చెప్పుదునని వారు తలంచియుందురు. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయువాడను. కరణీకములు 1984లో రద్దయినను మా యింటివారిది ఆ వృత్తియగుటచే మీరు నన్నింకను కరణముగారనియే పిలుచుచున్నారు. బడిలో నాకబ్బిన చదువు కొంచెము. తక్కినదంతయు ఈ బీరువాలు పెట్టిన భిక్ష. భారతము నేనెప్పుడును చెప్పుచునే యుందును. నేడు మాత్రమొక వ్యాజ్యమునుగూర్చి చెప్పదలచితిని. అది మన తాలూకాది కాదు, మన దేశముది కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున డ్రైడెన్ అను ఊరిది. 14 వేల జనాభాగల ఆ ఊరు పెద్దపెద్ద చమురు వర్తకులను న్యాయస్థానమున ఎదిరించి గెలిచినది. ధనబలముతో గెలువలేదు, జనసమ్మర్దముతో గెలువలేదు. తన భూమి దేనికి వాడవలెనో తాను వ్రాసికొన్న పుస్తకముతో గెలిచినది. భూమి లెక్కల యింట పుట్టినవానికి ఇంతకంటె చెవికింపైన కథ ఏముండును?

న్యూయార్కు అనగానే ఆకాశమంటు మేడలు తలపునకు వచ్చును. రాష్ట్రము ఆ పట్టణమొక్కటియే కాదు. ఉత్తరమునను పడమటను కొండలు, సరస్సులు, పాడిపశువులు, ఆపిలు తోటలు గల పల్లెసీమ విస్తరించియున్నది. అక్కడి ఊళ్ల పేర్లు వినుడు: హోమర్, వర్జిల్, ఓవిడ్, సిసిరో, యులిసిస్, ఇథాకా. పదునెనిమిదవ శతాబ్ది చివర, స్వాతంత్ర్యయుద్ధములో పోరాడిన సైనికులకు భూములు పంచియిచ్చునపుడు ప్రాచీన గ్రీకు రోమను కవుల పేర్లు, వీరుల పేర్లు ఆ భాగములకు పెట్టిరి. అంతకుముందా నేల కయూగ మొదలైన ఆదిమజాతులవారిది; పంచినవారు వారినడిగి పంచలేదు. వర్జిల్ అనునది లాటిను మహాకవి పేరు. దాని ప్రక్క ఊరే మన డ్రైడెన్. డ్రైడెన్ అను ఆంగ్లకవి 1697లో వర్జిల్ మహాకావ్యమును తన భాషలోనికి తెచ్చినవాడు. మనకు నన్నయ యెట్లో వారికతడు కొంత అట్టివాడు. మూలకవి యొక ఊరును అనువాదకుడు పొరుగూరును అయి సరిహద్దు పంచుకొనుట చూడ ముచ్చటగా లేదా?

ఆ సీమలోనే మార్సెల్లస్ అను మరియొక ఊరు కలదు. ఆ ఊరి దగ్గర భూమిపైకి తేలిన ఒక నల్లని పొరరాయికి భూశాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టిరి. షేల్ అని దానికి సామాన్యనామము. సుమారు 39 కోట్ల ఏండ్లక్రింద సముద్రపు అడుగున పేరుకొన్న బురద గట్టిపడి అట్టి రాయియైనది. పొరుగున నున్న పెన్సిల్వేనియా రాష్ట్రములోనికి, ఇంకను దూరమునకు ఆ పొర వ్యాపించియున్నది. పలుచోట్ల మైలు లోతునను, అంతకంటె లోతునను ఉండును. ఆ రాతి కణముల నడుమ వంటకును విద్యుత్తునకును పనికివచ్చు వాయువు చిక్కుకొనియున్నది.

మామూలు వాయువు బావి త్రవ్వినయెడల వాయువు తనంత తానే పైకి వచ్చును. షేలులోని వాయువు రాదు. రాతికి రంధ్రములు చాలవు. కావున మొదట నిలువుగా లోతునకు తొలిచి, అక్కడ గొట్టమును వంచి, రాతిపొర వెంబడి అడ్డముగా అరమైలు, మైలు దూరము తొలుతురు. పిమ్మట నీరు, ఇసుక, కొన్ని రసాయనములు కలిపి మిక్కిలి ఒత్తిడితో లోపలికి కొట్టుదురు. రాయి పగులును. ఇసుకరేణువులు ఆ పగుళ్లు మూసికొనకుండ నిలుపును. వాయువు వెలువడును. దీనినే ఫ్రాకింగు అందురు. నీటి ఒత్తిడితో రాతిని పగులగొట్టు ప్రయత్నము 1947లోనే కాన్సాసు రాష్ట్రమున జరిగినది. అడ్డముగా తొలుచుట దానికి తోడైన పిమ్మటనే షేలు వ్యాపారము విజృంభించినది. మార్సెల్లస్ రాతిలో 2004లో పెన్సిల్వేనియాయందు తొలి ప్రయత్నము ఫలించినది. ఒక్కొక్క బావికి సుమారు కోటిన్నర మొదలు రెండు కోట్ల లీటర్ల వరకు నీరు కావలయును. అందులో కొంత తిరిగి పైకి వచ్చును. వచ్చునపుడు లోతునగల ఉప్పును, రేడియము వంటి పదార్థములను వెంటబెట్టుకొని వచ్చును. ఆ నీటిని ఎక్కడ పోయుదురనునది మొదటి ప్రశ్న.

ఇక్కడ మన రైతులకు ఒక విశేషము చెప్పవలెను. ఆ నీటిని చిక్కబరచి ఇసుక అడుగున దిగకుండ మోయించుటకు అమెరికాలో పలు బావులలో వాడినది ఏమనుకొనిరి? మన గోరుచిక్కుడు గింజలనుండి తీసిన జిగురు! లోకములో పండు గోరుచిక్కుడు గింజలలో చాల భాగము మన దేశముదే. అందులోను రాజస్థానుది అధికము. అమెరికాలో బావులు పెరిగినకొలది ఇక్కడ గింజ ధర ఆకాశమునకెగసి, 2012 మార్చిలో దానిపై వాయిదా వ్యాపారమునే ప్రభుత్వపు నియంత్రణ సంఘము ఆపివేయవలసివచ్చినది. ఎక్కడి రాయి, ఎక్కడి కూరగాయ! దూరదేశపు మాట మనకెందుకని అనువారికి ఇదియే నా సమాధానము.

మరియొక మాటగూడ ముందే తేటపరచెదను. వాయువు బావి అనగానే కోనసీమవారికి పాసర్లపూడి జ్ఞప్తికి వచ్చును. 1995 జనవరి 8న అక్కడ ఎగసిన మంట 65 దినములు మండినది. అది ఫ్రాకింగు కాదు; మామూలు బావిలో ఒత్తిడి చేయి దాటుటవలన కలిగిన ప్రమాదము. రెంటిని కలిపి భయపడుట సరికాదు. తెలిసి భయపడుట వేరు.

డ్రైడెనువారు తెలిసియే భయపడిరి. వారి సరిహద్దునకు దక్షిణముగా, పెన్సిల్వేనియాలో, డిమాక్ అను పల్లె కలదు. 2009 నూతన సంవత్సరదినమున అక్కడ ఒక ఇంటి త్రాగునీటి బావి ప్రేలినది. బావులలోనికి మీథేను వాయువు చేరినదని ఆ రాష్ట్రపు అధికారులు తేల్చిరి. త్రవ్విన సంస్థ ఏండ్ల తరబడి కాదని వాదించినది. తుదకు 2022లో ఆ సంస్థకు వారసురాలైన సంస్థ నేరారోపణను ఎదుర్కొనక, ఆ ఇండ్లకు కొత్త నీటిగొట్టము వేయించుటకు కోటి అరువది లక్షల డాలర్లకు పైగా ఇచ్చుటకు సమ్మతించినది. నడుమ పదమూడేండ్లు గడచినవి. ఆ పదమూడేండ్లు కొందరు డబ్బాలతో నీరు తెచ్చుకొనిరి. సంస్థల వార్షిక లెక్కలలో ఈ డబ్బాల నీటికి పద్దు ఉండదు. లెక్క వ్రాయువానిగా నాకు మొదట తట్టినది ఇదే. వచ్చిన లాభము ఒకరి చిట్టాలోను, కలిగిన నష్టము వేరొకరి వంటయింటిలోను పడినప్పుడు ఆ రెండును ఏ పుటలోను ఎదురుబొదురుగా రావు. పైగా అమెరికా త్రాగునీటి రక్షణ శాసనము క్రింద భూమిలోనికి ద్రవములు పంపువారికిగల నిబంధనలనుండి 2005లో ఫ్రాకింగునకు, డీజిలు వాడు సందర్భములు తప్ప, మినహాయింపు ఇచ్చిరి.

మరి రైతు తన భూమిని కౌలుకీయకుండిన సరిపోదా? మన దేశములో భూగర్భమందలి చమురు, వాయువు ప్రభుత్వమువి. అమెరికాలో సాధారణముగా పైభూమి ఎవరిదో లోభూమియు వారిదే. కౌలు కాగితములు పట్టుకొని వర్తకుల మనుష్యులు ఇల్లిల్లు తిరిగిరి. మొదట వచ్చినవారు ఎకరమునకు కొద్ది డాలర్లిచ్చి సంతకములు చేయించుకొనిరి. సంగతి తెలిసి రైతులు సంఘములుగా కూడిన పిమ్మట అదే ఎకరమునకు వేల డాలర్లు పలికినవి. పాలధర పడిపోయి అప్పులలో మునిగిన రైతు ఆ కాగితముపై సంతకము చేసినయెడల అతనిని నిందించుటకు నాకు నోరు రాదు. అయితే న్యూయార్కులో 2005 నాటి ఒక శాసనము కలదు. ఒక బావికి నిర్ణయించిన వైశాల్యములో నూటికి 60 పాళ్లు సంస్థ చేతికి చిక్కినయెడల, ఒప్పుకొనని తక్కినవారి భూమి క్రిందనుండియు వాయువు తీయుటకు వీలున్నది. అనగా, నేనొక్కడను వద్దంటిని గదా యని ఒక రైతు తలుపు వేసికొని కూర్చున్నను కాపాడబడడు. వద్దనవలసినది ఊరు.

ఊరు వద్దనవచ్చునా? అదియే చిక్కు. అందరును వీలులేదనిరి. ఏలయనగా, చమురు, వాయువుల పరిశ్రమ నియంత్రణకు సంబంధించిన స్థానిక నిబంధనలన్నిటిని తోసిరాజని రాష్ట్ర శాసనమే చెల్లునని ఆ శాసనములోనే ఒక వాక్యమున్నది. రోడ్లపై అధికారము, ఆస్తిపన్ను అను రెండు మాత్రము ఊళ్లకు మినహాయించిరి. లాయర్లు ఆ వాక్యము చదివి పుస్తకము మూసిరి.

మూయనివారు ఇద్దరు. హెలెన్ స్లాట్జె, ఆమె భర్త డేవిడ్ స్లాట్జె. వారు బాస్టనునుండి ఇథాకాకు వచ్చి స్థిరపడిన న్యాయవాదులు. ఇథాకా డ్రైడెనునకు ప్రక్కనే. 2009లో ఈ ఫ్రాకింగు సంగతి విన్నది మొదలు ఆమె జీతమువచ్చు పని మాని ఊళ్ల పక్షమున ఫీజు లేకుండ శాసనములు, పాత తీర్పులు తిరుగవేయసాగినది. 2014లో ఆమెకు గోల్డుమన్ పర్యావరణ పురస్కారము లభించినది. అది తరువాతి మాట. మొదట ఆమె చేసినదంతయు చదువుట. మన గ్రంథాలయములో కూర్చుండి చదువువారిని చూచి పనిలేనివారని నవ్వువారు మన ఊరిలోను ఉన్నారు గనుక ఈ మాట కొంచెము బిగ్గరగానే చెప్పుచున్నాను.

చదువగా చదువగా వారికి 1987 నాటి ఒక తీర్పు దొరికినది. అది వాయువునుగూర్చినది కాదు, గులకఱాళ్ల గనినిగూర్చినది. గనుల శాసనములోను ఇట్టి వాక్యమే యుండెను. ఆ శాసనము పరిశ్రమను నియంత్రించు నిబంధనలను మాత్రమే త్రోసివేయునుగాని, ఏ భూమి దేనికి వాడవలెనని ఊరు చేసికొన్న భూవినియోగ నిబంధనలను త్రోసివేయదని నాడు ఉన్నత న్యాయస్థానము చెప్పినది. ఆ రాష్ట్రములో ప్రతి టౌనునకును ఇట్టి భూవినియోగ నిబంధనలు చేసికొను అధికారము కలదు. ఇది నివాసభూమి, ఇది సేద్యభూమి, ఇది అంగళ్లకు తగిన స్థలము అని అందులో నిర్ణయింతురు. మన అడంగలు, నత్తము, పోరంబోకుల వర్గీకరణకు దూరపు చుట్టమనుకొనవచ్చును.

ఇప్పుడు శాస్త్రమెరిగిన పెద్దలు కొంచెము దయచేసి వినుడు. వివాదమంతయు ఒక్క పదము మీద నిలిచినది. నియంత్రణ యనగానేమి? బావి ఎంత లోతుండవలెను, గొట్టము చుట్టును సిమెంటు ఎంత మందముండవలెను, ఉప్పునీటిని ఎక్కడ నిలువచేయవలెను, ఇవన్నియు పనిని ఎట్లు చేయవలెనని చెప్పునవి. అది నియంత్రణ. ఈ ఊరి హద్దులో ఆ పని చేయవచ్చునా, ఎక్కడ చేయవచ్చును అనునది వేరు మాట. ఎట్లు అనునది రాష్ట్రముది; ఎక్కడ అనునది ఊరిది. ఇదియే వారి వాదము. ఎదుటివారి వాదము గూడ సామాన్యమైనది కాదు. రోడ్లు, పన్ను అని రెంటిని మాత్రమే మినహాయించినప్పుడు తక్కినదంతయు నిషేధములో పడినట్లే గదా యని వారు వాదించిరి. మన వ్యాకరణములో ఉత్సర్గమునకు అపవాదము చెప్పినచోట, అపవాదము కానిదంతయు ఉత్సర్గములోనిదే యగును గదా! నేను మొదట చదివినప్పుడు ఈ యుక్తికి తల ఊపితిని. కాని అపవాదము ఏ ఉత్సర్గమునకు చెప్పబడినదో దాని పరిధిలోనే అది పనిచేయును. నియంత్రణ అను ఇంటిలోనుండి రెండు గదులు మినహాయించినారన్నంత మాత్రమున ఊరంతయు ఆ ఇంటిలో ఉన్నట్లు కాదు. మీమాంసకులు యజ్ఞవాక్యములపై చేసిన విచారము వ్యర్థకాలక్షేపమని అనువారుందురు. ఆ విచారమే ఇచ్చట వేలమంది త్రాగునీటి బావులను కాపాడినది.

డ్రైడెను టౌను బోర్డు 2011 ఆగస్టులో ఏకగ్రీవముగా తీర్మానించి, తమ భూవినియోగ నిబంధనలలో వాయువు, చమురు వెలికితీయుటను నిషేధించినది. ఆ ఊరిలో అప్పటికే ఇరువదివేల ఎకరాలకు పైగా కౌలు పొందియుండిన యాన్‌షుట్జ్ అను సంస్థ వెంటనే వ్యాజ్యము వేసినది. బోర్డువారికి జీతములు స్వల్పము, పెట్టె చిన్నది. ఓడినయెడల ఊరి పన్నులన్నియు వ్యాజ్యపు ఖర్చునకే పోవునని బెదిరించినవారున్నారు. అయినను వెనుదీయలేదు. 2012 ఫిబ్రవరిలో క్రింది న్యాయస్థానము ఊరి పక్షమున తీర్పు చెప్పినది. 2013 మేలో మధ్య న్యాయస్థానము దానిని ఖాయపరచినది. ఈ నడుమ సంస్థ మారినది. నార్స్ ఎనర్జీ అనునది వాదిగా వచ్చినది. అదియు దివాలా తీయగా దివాలా వ్యవహారములు చూచు ధర్మకర్త వ్యాజ్యమును కొనసాగించెను. 2014 జూన్ 30న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఏడుగురిలో ఐదుగురి సమ్మతితో, మిడిల్‌ఫీల్డు అను మరియొక టౌనుతో కలిపి, డ్రైడెను పక్షమున తుదితీర్పు ఇచ్చినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి విక్టోరియా గ్రాఫియో. ఫ్రాకింగు మంచిదా చెడ్డదా యనునది మా ముందున్న ప్రశ్న కాదనియు, నిర్ణయించు అధికారము ఎవరిదనునదియే ప్రశ్న యనియు ఆమె తేటగా వ్రాసినది. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించిరి. భూవినియోగమను ముసుగులో పరిశ్రమను నియంత్రించుటయే జరిగినదని వారి అభిప్రాయము. ఆ అసమ్మతిని గూడ చదువవలెనని నా ప్రార్థన. గెలిచిన పక్షపు మాటలు మాత్రమే చదువువాడు సగము చదివినవాడు.

అప్పటికి ఆ రాష్ట్రములో 170కి పైగా ఊళ్లు, టౌనులు ఇట్టి నిషేధములనో, తాత్కాలికముగా ఆపుటకు తీర్మానములనో చేసికొనియుండినవి. వేలాది ప్రజలు రాజధానియైన ఆల్బనీకి పోయి గవర్నరు ఎదుట ఊరేగిరి. ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు హోవర్త్, ఇన్‌గ్రఫియా గార్లు 2011లో ఒక వ్యాసము ప్రకటించి, బావులనుండియు గొట్టములనుండియు కారిపోవు మీథేనును లెక్కించినయెడల షేలు వాయువు బొగ్గుకంటె వాతావరణమునకు మేలు చేయదనిరి. మీథేను ఇరువదియేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె ఎనుబది రెట్లకు పైగా వేడిని నిలుపును. ఎంత కారుచున్నదనుటపై శాస్త్రజ్ఞులలో తీవ్రమైన వాదము జరిగినది. బొగ్గుకు మారుగా వాయువు మండించుటచే అమెరికా విద్యుత్కేంద్రముల పొగ తగ్గినమాటయు నిజమే. ఇది చెప్పకుండుట న్యాయము కాదు. తుదకు ఆరోగ్యశాఖాధిపతి హోవర్డ్ జుకర్ జరిపించిన పరిశీలనను ఆధారముగా చేసికొని 2014 డిసెంబరు 17న గవర్నరు క్వోమో ప్రభుత్వము రాష్ట్రమంతట నిషేధము ప్రకటించినది. 2020లో అది శాసనమైనది. ఆ శాసనము నీటితో చేయు ఫ్రాకింగును గూర్చి చెప్పినది గనుక, 2023లో కొందరు వచ్చి నీరు బదులు బొగ్గుపులుసు వాయువు వాడెదమని రైతులకు ఉత్తరములు వ్రాసిరి. మరల ఒక్క పదము! 2024 డిసెంబరులో ఆ సందును గూడ శాసనముతో మూసిరి.

ఇది యెల్లచోట్ల జరుగు కథ కాదు. 2014 నవంబరులో టెక్సాసు రాష్ట్రమున డెంటన్ పట్టణపు ప్రజలు వోటుచేసి ఫ్రాకింగును నిషేధించుకొనిరి. ఆరుమాసములు తిరిగీ తిరుగకముందే ఊళ్లకట్టి అధికారము లేదని ఆ రాష్ట్ర సభ శాసనము చేసినది. పట్టణము తన నిషేధమును తానే రద్దు చేసికొనవలసివచ్చినది. ఫ్రాన్సు దేశము 2011లోనే దేశమంతట వద్దన్నది.

గెలిచిన కథ చెప్పి దిగిపోవుట వక్తకు సులభము. లెక్కలవానికి అది చెల్లదు. జమ చదివినవాడు ఖర్చునుగూడ చదువవలెను.

మొదటి పద్దు: రాష్ట్రపు దక్షిణభాగమున, పెన్సిల్వేనియా సరిహద్దున నున్న రైతులు ఈ నిషేధమువలన తమ నోటికాడి ముద్ద పోయినదని బాధపడిరి. గట్టుకు ఆవలివాడు అదే రాతిమీద ధనవంతుడగుచుండగా ఈవలివాడు పాడి అమ్ముకొనుచుండెను. 2015లో అక్కడి కొన్ని టౌనులు పెన్సిల్వేనియాలో కలిసిపోవుట మేలేమోయని ఆలోచించినవి. వారు లోభులని కొందరు అనిరి. నేననను. నగరమున వేతనము పొందువాడు కొండయూరి రైతుకు నిగ్రహము బోధించుట తేలిక. ఆ రైతులకు బదులుగా ఏదైన ఇచ్చి వద్దనియుండినయెడల ఆ విజయము ఇంకను శుభ్రముగా నుండెడిది.

రెండవ పద్దు ఇంతకంటె పెద్దది. న్యూయార్కు వాయువు త్రవ్వుట మానినది గాని వాయువు మండించుట మానలేదు. పెన్సిల్వేనియా నేడు అమెరికాలో టెక్సాసు తరువాత అత్యధికముగా వాయువు తీయు రాష్ట్రము. అక్కడి పల్లెలలో రాయి పగులగొట్టి తీసిన వాయువే గొట్టములద్వారా వచ్చి న్యూయార్కు ఇండ్లలో పొయ్యి వెలిగించుచున్నది. అంతేకాదు. హడ్సను నది ఒడ్డున ఇండియన్ పాయింట్ అను అణువిద్యుత్కేంద్రముండెను. నగరమునకును దాని పొరుగు జిల్లాకును కావలసిన విద్యుత్తులో సుమారు నాలుగవవంతు అదియే ఇచ్చుచుండెను. ప్రమాదభయముచే ప్రజలు దానినిగూడ ఏండ్ల తరబడి ప్రతిఘటించిరి. 2020 ఏప్రిలులో ఒక యంత్రము, 2021 ఏప్రిలు 30న రెండవది మూతపడినవి. ఆ లోటు దేనితో పూడినది? ఎక్కువగా వాయువుతో. ఒకచేత వాయువు వద్దని, మరియొకచేత వాయువు తప్ప గతిలేని స్థితి తెచ్చుకొన్నట్లయినది. నా మట్టుకు నేను, పొగలేని కేంద్రమును మూయుటకుముందు దాని స్థానమున నిలువగల మరియొక పొగలేనిది సిద్ధము చేసికొనియుండవలసినదని తలతును.

అందులకు వారు చేసికొన్న సంకల్పము గొప్పదే. 2019లో చేసిన శాసనము ప్రకారము 2030 నాటికి విద్యుత్తులో నూటికి 70 పాళ్లు సూర్యుడు, గాలి, నీరు వంటివానినుండి రావలెను. 2040 నాటికి పొగ వెదజల్లు విద్యుత్తు అసలు ఉండరాదు. 2024లో రాష్ట్రపు అధికారులే మొదటి గడువు తప్పి 2033 దాకా పోవచ్చునని లెక్క వేసిరి. సముద్రములో గాలిమరల ఖర్చు పెరిగినది. తీగలు వేయుటకు అనుమతులు ఆలస్యమగుచున్నవి. పలకలు పరచుటకు భూమి కావలెను.

ఈ భూమి మాట వచ్చుటచే మరల డ్రైడెనునకే పోవలసియున్నది. 2017లో అక్కడ పెద్ద సౌరక్షేత్రములు పెట్టుటకు దరఖాస్తులు వచ్చినవి. అందులో ఒకటి పాత శ్మశానవాటిక ప్రక్కన. వాయువును వద్దన్న ఊరే కదా, సూర్యుని రెండు చేతులతో ఆహ్వానించునని మీరనుకొందురు. అట్లు జరుగలేదు. పితృదేవతల సమాధులచెంత గాజుపలకలా అని కొందరు, పచ్చని చేలు చెడునని కొందరు, ఇంటి ఎదుటి దృశ్యము పోవునని కొందరు అభ్యంతరము చెప్పిరి. బోర్డు సమావేశములు అర్ధరాత్రి దాక సాగినవని చెప్పినను ఎవరును ఆశ్చర్యపడనక్కరలేదు. మన పంచాయతీలో శ్మశానపు గట్టు తగవు ఎన్నాళ్లు నడచునో మనమెరుగుదుము. పోరు పెట్టినవారిని కపటులని నేను పిలువను. వాయువు బావి విషము చిమ్మవచ్చును, సౌరఫలకము చిమ్మదు, కాని రెండును ఎక్కడ అను ప్రశ్నకే లోబడవలెను. ఎక్కడ అను ఆ మాట తమదేయని న్యాయస్థానమునుండి గెలిచి తెచ్చుకొన్నవారు, వద్దు అనుటకు మాత్రమే దానిని వాడుకొనలేరు. ఇక్కడ కాదన్నయెడల మరి ఎక్కడనో చూపవలసిన భారముగూడ వారిపై పడినది. వాదోపవాదముల పిమ్మట కొన్ని క్షేత్రములకు అనుమతి లభించినది. ఆ ఊరి పొలములలో నేడు గొఱ్ఱెలతోపాటు సౌరఫలకములును ఉన్నవి.

గ్రంథాలయ సభ్యులకు ఒక చిన్న సంగతి చెప్పి విరమింతును. ఆ డ్రైడెనులో సౌత్‌వర్త్ గ్రంథాలయమని 1883 నాటిది యొకటి కలదు. అబ్రహాం లింకన్ 1864లో రెండవమారు అధ్యక్షుడుగా ఎన్నికైన పిమ్మట తన స్వహస్తముతో వ్రాసికొని చదివిన ఉపన్యాసపు ప్రతి చాలకాలము వారి వద్ద నుండెను. భవనము చాలక, కొత్త భాగము కట్టుటకు ద్రవ్యము లేక, 2009లో వారా ప్రతిని వేలము వేయగా 34 లక్షల డాలర్లకు పైగా వచ్చినది. అమ్మిరని నొచ్చుకొన్నవారున్నారు, సంతోషించినవారున్నారు. మన భవనపు తూర్పుగోడ సంగతి మీకు తెలిసినదే. మన బీరువాలలో లింకను వ్రాతప్రతి లేదు గనుక చందాదారులు చందాలు గడువులోపల చెల్లింపవలెనని కార్యదర్శిగారి పక్షమున మనవి చేయుచున్నాను.

డ్రైడెను తీర్పు ప్రతిని అచ్చుతీయించి పత్రికల బల్లపై నుంచితిని. ప్రక్కన ఆ రాష్ట్రపు పటమొకటి కలదు; వర్జిల్, డ్రైడెన్, మార్సెల్లస్, ఆ క్రింద పెన్సిల్వేనియా గీతకావల డిమాక్, వీనికి ఎఱ్ఱసిరాతో గుర్తులు పెట్టితిని. ఆంగ్లము వచ్చిన పిల్లలు సాయంకాలములందు అసమ్మతి తీర్పుతో సహా పెద్దలకు చదివి అర్థము చెప్పుదురుగాక. సెలవు.